నీరుగంటి లేని చెరువు

అనంతపురం జిల్లాకి ఇంగ్లీషువాళ్ళ కాలపు గెజిటీర్ 1905లో వచ్చింది. కూర్చినవాడు డబ్ల్యూ. ఫ్రాన్సిస్, ఐసీఎస్. దాన్ని తిరగరాసిన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ గెజిటీర్ బి.హెచ్. శివశంకరనారాయణ సంపాదకత్వంలో 1970లో వచ్చింది. మధ్యలో 65 ఏళ్ళు. ఈలోగా 1910లో కడప నుంచి కదిరి తాలూకా వచ్చి కలిసింది. బళ్ళారి నుంచి రాయదుర్గం వచ్చింది. తెల్లదొరలు వెళ్ళిపోయారు. మద్రాసు నుంచి విడిపోయి ఆంధ్ర రాష్ట్రం, ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాయి. జీతాలిచ్చి రాయించుకోగలిగిన ప్రభుత్వానికే ఒక జిల్లా పుస్తకాన్ని సరిచేసుకోవడానికి అంతకాలం పట్టింది.

ఇంకో లెక్క చూద్దాం. 2022 ఏప్రిల్ 4న అనంతపురం జిల్లా రెండు ముక్కలైంది. 63 మండలాల్లో 31 పాత జిల్లాలో మిగిలాయి, 32 పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళాయి. ఈ మండలాల్లోని రెవెన్యూ గ్రామాలకి తెలుగు వికీపీడియాలో విడివిడిగా పేజీలున్నాయి. ఒక్కో పేజీలో జిల్లా పేరు ఎన్నో చోట్ల ఉంటుంది: మొదటి వాక్యంలో, పక్కనుండే సమాచారపెట్టెలో, అడుగున మండలంలోని ఊళ్ళ జాబితాలో, వర్గాల్లో. ఒకచోట మార్చి ఇంకోచోట మర్చిపోతే ఊరు ఒకే పేజీలో రెండు జిల్లాల్లో ఉంటుంది. అదే రోజు రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి కాబట్టి ఇది ఒక్క అనంతపురం పని కూడా కాదు. ఆ పేజీల్ని సరిచేసినవాళ్ళు ఉద్యోగాలూ సంసారాలూ చూసుకుంటూ, రాత్రిపూటో ఆదివారాలో కూర్చున్న కొద్దిమంది. వాళ్ళకి 65 ఏళ్ళు పట్టలేదు.

దీన్ని స్వచ్ఛంద సేవ గొప్పతనం కింద చెప్పి ముగించేయొచ్చు. కానీ వృత్తిరీత్యా నేను సాఫ్ట్‌వేర్ మనిషిని. పదేళ్ళకు పైగా చేస్తున్న పనిలో ఎక్కువ భాగం ఎవరో ఎప్పుడో రాసిన కోడ్‌ని పడిపోకుండా నిలబెట్టడం. అందుకే ఇలాంటివి చూస్తే నాకు సంతోషంతో పాటు భయం కూడా వేస్తుంది. ఎంతమంది చేశారు? వాళ్ళు మానేస్తే? జాబితా కట్టడం గురించి మనవాళ్ళు చాలా రాశారు. దాన్ని నిలబెట్టడం గురించి రాసింది తక్కువ.

డీమోజ్ సంగతి

వెబ్ మొదలైన రోజుల్లో సైట్లను వెతుక్కోవడానికి డైరెక్టరీలే దిక్కు. అంటే మనుషులు చూసి, విభాగాలవారీగా సర్దిన జాబితాలు. 1998 జూన్‌లో రిచ్ స్క్రెంటా, బాబ్ ట్రూయల్ తదితరులు ఒకటి మొదలుపెట్టారు. మొదటి పేరు గ్నూహూ, తర్వాత న్యూహూ. ఆ ఏడాదే నెట్‌స్కేప్ కొనుక్కుంది. ఓపెన్ డైరెక్టరీ ప్రాజెక్ట్ అన్నది అసలు పేరు, డీమోజ్ అన్నది వాడుక పేరు. సంపాదకులందరూ స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ళే. యంత్రాలకంటే మనుషులే ఈ పని బాగా చేస్తారన్నది వాళ్ళ నమ్మకం. ఒక దశలో గూగుల్ కూడా తన డైరెక్టరీకి ఈ సమాచారాన్నే వాడుకుంది. ప్రపంచ భాషల్లో తెలుగుకీ అక్కడ ఓ విభాగం ఉండేది.

2017 మార్చిలో మూసేసేనాటికి అందులో 38 లక్షలకు పైగా సైట్లు, పది లక్షలకు పైగా విభాగాలు ఉన్నాయి. మొదటినుంచీ లెక్కేస్తే 90 వేలమందికి పైగా సంపాదకులు పనిచేశారు. ఈ అంకెలు చూస్తే మనుషులు చాలక పోయిందని ఎవరూ అనుకోరు. లోపల జరిగింది వేరు. కొత్త సైటు చేర్చమని అడిగినవాళ్ళు నెలలు, ఏళ్ళు ఎదురుచూసేవాళ్ళు. ఓ చిన్న విభాగాన్ని చూసుకునే మనిషి మానేస్తే అది అలాగే పడి ఉండేది. పైన ఇంకెవరికో దాన్ని సరిచేసే హక్కు ఉన్నా, అది పాడైందని వాళ్ళకి తెలియాలి కదా. చచ్చిన లింకుల్ని పట్టుకోవడానికి రోబోజిల్లా అనే ప్రోగ్రామ్ ఉండేది. కానీ లింకు బతికే ఉండి, లోపలి సరుకు మారిపోతే ప్రోగ్రామ్ పట్టుకోలేదు, మనిషే చూడాలి. పైగా 2006 అక్టోబరు 20న ప్రధాన సర్వర్ పాడైంది. డిసెంబరు 18 దాకా, దాదాపు రెండు నెలలు, సంపాదకులు ఒక్క మార్పు కూడా చేయలేకపోయారు. రాయడానికి వేలమంది ఉన్నారు, యంత్రం మాత్రం ఒక కంపెనీ చేతిలో ఉంది. చివరికి మూసెయ్యాలన్న నిర్ణయమూ ఆ కంపెనీదే. పాత సంపాదకులు కొందరు కర్లీ అన్న పేరుతో దాన్ని బతికించుకుంటున్నారు.

తెలుగులోనూ ఈ రకం చావులు చూశాం. కూడలి, జల్లెడ, హారం అన్న పేర్లు వింటే ముప్పై దాటిన పాఠకులకి ఒక కాలం గుర్తొస్తుంది. తెలుగులో ఎక్కడ ఎవరేం రాశారో ఒకచోట చూపించిన సంకలినులవి. ఒకరిద్దరి ఓపిక మీద, వాళ్ళు కట్టుకునే సర్వర్ అద్దె మీద నడిచాయి. చాలామంది వాడుకున్నారు, చాలా కొద్దిమంది మోశారు.

మొలకలు

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. మొదలుపెట్టినవాడు వెన్న నాగార్జున. పాత ఫాంట్లలోని తెలుగుని యూనికోడ్‌లోకి మార్చే పద్మ అనే ఉపకరణాన్ని తయారుచేసింది ఆయనే. తర్వాత రెండుమూడేళ్ళలో అక్కడివాళ్ళు ఒక పెద్ద సాహసం చేశారు: రాష్ట్రంలోని ప్రతి ఊరికీ పేజీ. చేత్తో అయ్యే పని కాదు కాబట్టి బాట్‌లు వాడారు. ఫలానా ఊరు, ఫలానా జిల్లా, ఫలానా మండలానికి చెందిన గ్రామము అని ఒక వాక్యం, అంతే. వికీపీడియాలో ఇలాంటి చిన్న పేజీని మొలక అంటారు. మా వేరుశనగ సీమవాళ్ళకి ఈ మాట వింటే వేరే ఆలోచన వస్తుంది. మొదటి వానకి విత్తనం పడుతుంది, మొలకా వస్తుంది. ఆ తర్వాతి వాన ఎప్పుడన్నదే ప్రశ్న. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల సగటు వానతో బతికే జిల్లా అది.

ఈ ఒంటివాక్యపు పేజీల్ని చాలామంది ఎగతాళి చేశారు, వ్యాసాల సంఖ్య పెంచుకోవడానికి వేసిన ఎత్తు అన్నారు. ఆ విమర్శలో కొంత నిజం ఉంది. కానీ ఆ తర్వాత రెండో వాన పడింది. 2011 జనగణన శాఖ ప్రతి జిల్లాకీ ఒక పుస్తకం వేసింది. అందులో ఒక భాగం పేరే విలేజ్ డైరెక్టరీ. ఊళ్ళో ఎన్ని ఇళ్ళు, ఎంతమంది జనం, బడి ఉందా, లేకపోతే ఎంత దూరం, ఆసుపత్రి, తపాలా, బస్సు, బీడు భూమి ఎన్ని హెక్టార్లు, బావుల కింద ఎంత, చెరువుల కింద ఎంత - అన్నీ ఉంటాయి. స్వచ్ఛంద సంపాదకులు దీన్ని తెలుగు వాక్యాలుగా మార్చి ఊరూరి పేజీలోకి ఎక్కించారు. ప్రభుత్వం ఇంగ్లీషు పట్టికల్లో పెట్టిన సమాచారం, ఆ ఊరి మనిషి తన భాషలో చదువుకోగలిగే రూపంలోకి వచ్చింది. పెద్ద కాలేజీలూ విశ్వవిద్యాలయాలూ చెయ్యని పని ఇది.

నిర్వహణ కష్టాలు ఇక్కడే మొదలవుతాయి. మొదటిది పేరు. ప్రభుత్వ జాబితా ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుంది. అందులో దీర్ఘాలుండవు, ఒత్తులు తెలియవు. ఆ అక్షరాలు చూసి పామిడిని పమిడి అని రాయొచ్చు, యాడికిని యదికి అని రాయొచ్చు. తాడిమర్రి తదిమర్రి అయిపోవచ్చు. ఇవంటే పెద్ద ఊళ్ళు, చూసినవాళ్ళు వెంటనే పట్టుకుంటారు. వెయ్యిమంది లేని ఊరి పేరులో అక్షరం తప్పుపడితే? అది ఆ ఊరి మనిషికి తప్ప ఇంకెవరికీ తెలియదు. పైగా ఒకే పేరుతో బోలెడు ఊళ్ళు. మన కొత్తపల్లులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడమే ఒక పని. ఏ కొత్తపల్లి ఎక్కడిదో విడదీసి చూపే పేజీని వికీపీడియాలో అయోమయ నివృత్తి పేజీ అంటారు. ఆ పేరు పెట్టినవాళ్ళెవరో గానీ పనిని సరిగ్గా చెప్పారు.

రెండోది, అసలు ఊరంటే ఏమిటన్నది. జనగణన లెక్కలో ఊరంటే రెవెన్యూ గ్రామం. ఆ జాబితాలో మనుషులే లేని ఊళ్ళుంటాయి. రెవెన్యూవాళ్ళ భాషలో బేచిరాక్, దీపం లేని ఊరు. మనుషులున్న మజరాలు, తండాలు మాత్రం విడిగా ఉండవు, పెద్ద ఊరి లెక్కలో కలిసిపోతాయి. దీపం లేని ఊరికి కోడ్ నంబరుంది. దీపం వెలిగే తండాకి లేదు. స్వచ్ఛంద జాబితా ప్రభుత్వ జాబితా మీద నిలబడితే దాని ఖాళీలు కూడా ఇందులోకి వస్తాయి. వాటిని పూరించడానికి బాట్‌లు పనికిరావు, అక్కడ పుట్టిపెరిగినవాళ్ళు కావాలి. కరువు సీమలో అలాంటివాళ్ళలో సగంమంది బెంగుళూరులో ఉంటారు.

మూడోది అంకెలు. ఫ్రాన్సిస్ కాలపు మద్రాసు గెజిటీర్లలో ఒక తెలివైన ఏర్పాటు ఉంది. వర్ణన అంతా ఒక సంపుటంలో పెట్టి, అంకెల పట్టికలు మాత్రం విడిగా మరో సన్నటి సంపుటంలో వేశారు. జనగణన జరిగినప్పుడల్లా ఆ సన్నటి పుస్తకాన్ని మార్చుకుంటే చాలు. మా వృత్తిలో చెప్పాలంటే, తరచూ మారేదాన్ని, మారనిదాన్ని ఒకే ఫైల్లో పెట్టకపోవడం. మన ఊళ్ళ పేజీల్లో 2011 అంకెలు వాక్యాల్లో కలిసిపోయి ఉన్నాయి. చదవడానికి హాయిగా ఉంటుంది గానీ, మార్చాలంటే వాక్యం వాక్యం తిప్పి చూడాలి.

జిల్లాల విషయంలో మాత్రం వికీపీడియావాళ్ళు ఒక మంచి పని చేశారు. ఊరు కొత్త జిల్లాలోకి మారినప్పుడు పాత జిల్లా పేరును చెరిపెయ్యలేదు. 2022 ఏప్రిల్ 4కి ముందు ఈ ఊరు ఏ జిల్లాలో ఉండేదో చెప్పే వాక్యం ఒకటి చేర్చారు. తెలంగాణలో 2016 అక్టోబరులో పది జిల్లాలు 31 అయినప్పుడు నేర్చుకున్న పాఠం కావొచ్చు. అలా ఒక దిద్దుబాటు చరిత్ర అయింది. వందేళ్ళ తర్వాత ఎవరైనా పాత దస్తావేజు పట్టుకుని హిందూపురం అనంతపురం జిల్లాలో ఎందుకుందని అడిగితే ఆ వాక్యం జవాబు చెబుతుంది.

దశబంధం

అనంతపురం పేరు వెనకే ఒక చెరువుంది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కాలంలో, పద్నాలుగో శతాబ్దంలో, చిక్కప్ప ఒడెయరు అనే అధికారి పండమేరుకి అడ్డంగా కట్ట వేసి పెద్ద చెరువు కట్టించాడని, రెండు కొసల్లో రెండు ఊళ్ళు వెలిశాయని స్థానిక చరిత్ర చెబుతుంది. ఒకటి రాజు పేరుతో బుక్కరాయసముద్రం, ఇంకొకటి రాణి పేరుతో అనంతసాగరం, అదే తర్వాత అనంతపురం. కొత్తచెరువు, నల్లచెరువు, బుక్కపట్నం... మండలాల పేర్లు చదువుతుంటే చెరువుల జాబితా చదివినట్టే ఉంటుంది. వానలేని పీఠభూమి మీద చెరువే ప్రజల ఉమ్మడి ఆస్తి. దాన్ని ఎలా నిలబెట్టుకున్నారన్నది మన ప్రశ్నకి దగ్గరి పాత కథ.

పక్క కడప జిల్లా పోరుమామిళ్ళలో 1369 నాటి సంస్కృత శాసనం ఉంది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు అక్కడ చెరువు కట్టించిన సందర్భంలో వేయించింది. మంచి చెరువుకి ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో చెప్పారు. రెండేళ్ళపాటు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు పనిచేశాయని కూడా రాశారు. దోషాల్లో ఒకటి చెరువు రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం. జిల్లా సరిహద్దులు మారిన ఊళ్ళ పేజీలు చూసినప్పుడల్లా నాకు ఇది గుర్తొస్తుంది. రెండు రాజ్యాల మధ్యనున్న చెరువుకి పూడిక తీసే బాధ్యత ఎవరిది?

కట్టడం రాజుల పని, శాసనాలు వేయించుకునే పని. ఆ తర్వాత ఏడాదేడాదీ కట్ట చూసుకోవడానికి మనవాళ్ళు దశబంధం అనే ఏర్పాటు చేశారు. చెరువు కట్టినవాడికో, బాగుచేసినవాడికో కొంత భూమిని ఇనాంగా ఇస్తారు. దానికి బదులుగా అతను, అతని తర్వాతివాళ్ళు చెరువును బాగోగులు చూడాలి. ఇంగ్లీషు ప్రభుత్వం రికార్డుల్లో కూడా ఈ దశబంధం ఇనాములు రాయలసీమలో బాగా కనిపిస్తాయి. తూములు తెరిచి మూసి, ఎవరి మడికి ఎంత నీరో పంచేది నీరుగంటి. అతనికి కళ్ళంలో ప్రతి రైతూ ఇంత అని గింజలు కొలిచేవాళ్ళు, దాన్ని మేర అంటారు. ఇవేవీ దయాదాక్షిణ్యాలు కావు. చెరువు బతకడంలో చెరువు చూసేవాడి బతుకు కూడా కలిసి ఉంది.

ఈ కథను మరీ తీయగా చెప్పకూడదు. ఇనాం అనుభవిస్తూ చెరువును గాలికొదిలేసినవాళ్ళూ ఉన్నారు. ఊరంతా కలిసి పూడిక తీసే కుడిమరామత్తుని ఇప్పుడు స్వచ్ఛంద శ్రమకి ఉదాహరణగా చెబుతుంటాం. కానీ 1858లో మద్రాసు ప్రభుత్వం దానికి నిర్బంధ శ్రమ చట్టం చెయ్యాల్సి వచ్చింది. ఆ శ్రమలో ఎవరి వీపు ఎక్కువ వంగిందో, నీరు ఎవరి మడికి ముందు చేరిందో మనకి తెలుసు. నీరుగంటి పని చాలాచోట్ల కులవృత్తి, కాదనే హక్కు లేనిది. అందుకే పాత పద్ధతిని తిరిగి తెమ్మనడం నా ఉద్దేశం కాదు. వాళ్ళు ఒక సంగతి మాత్రం దాచకుండా ఒప్పుకున్నారు: కట్టడం వేరు, కాయడం వేరు, కాసేదానికి ఖర్చుంటుంది, ఆ ఖర్చు ఎవరు పెట్టుకుంటారో ముందే రాసుకోవాలి.

మన స్వచ్ఛంద జాబితాల్లో కట్టేవాళ్ళకి పేరుంది. కాసేవాళ్ళకి దశబంధం లేదు. లక్ష వ్యాసాలు దాటితే అందరం సంబరపడ్డాం. పాత పేజీలో తప్పిన జిల్లా పేరు సరిచేసిన రోజున ఎవరూ పండగ చెయ్యరు. కార్యశాలలు పెట్టి కొత్త పేజీలు సృష్టించడం నేర్పుతాం, పాత పేజీని దిద్దడం నేర్పే కార్యశాల ఎప్పుడో గానీ కనబడదు. ఆఫీసుల్లోనూ ఇదే తంతు. కొత్తది కట్టినవాడికి ప్రమోషన్, నాలుగేళ్ళు పడిపోకుండా చూసినవాడికి మాటవరసకో థాంక్స్.

డీమోజ్‌తో పోలిస్తే వికీపీడియాకి రెండు మేళ్ళున్నాయి. ఒకటి, విభాగానికొక కాపలాదారు అక్కర్లేదు, తప్పు కనబడిన ఎవరైనా దిద్దొచ్చు. దిద్దినదాన్ని ఎవరైనా వెనక్కి తిప్పొచ్చు. రెండోది, సరుకంతా బయటికి తీసుకోవచ్చు, ఒక కంపెనీ మూసేస్తే పోయేది కాదు. బ్రౌన్‌కి ఈ సంగతి బాగా తెలుసు. కల్నల్ మెకంజీ మనుషులు పందొమ్మిదో శతాబ్దం మొదట్లో ఊరూరా కరణాల దగ్గర రాయించిన కైఫీయత్తులు మద్రాసులో పాడైపోతుంటే, ఆయన వాటికి మళ్ళీ నకళ్ళు తీయించాడు. మన ఊళ్ళ చరిత్ర ఇవాళ కొంతైనా చదవగలుగుతున్నామంటే ఆ నకళ్ళ పుణ్యమే. కొత్తగా సేకరించినందుకు మెకంజీని అందరూ తలుస్తారు. బ్రౌన్‌ని నిఘంటువు కోసం, వేమన కోసం తలుస్తాం, ఈ నకళ్ళ పనికి తలిచేది తక్కువ.

వికీపీడియాలో ఇంకొకటి ఉంది, మన శాసనాల్లో అరుదుగా కనిపించేది. ప్రతి పేజీ వెనక దాని మార్పుల చరిత్ర ఉంటుంది. ఏ తేదీన, ఏ వేళ, ఎవరు, ఏ అక్షరం మార్చారో. నేను మా వైపు ఊళ్ళ పేజీల చరిత్రల్ని అప్పుడప్పుడూ తీరిగ్గా చదువుతుంటాను. పుట్టించిన బాట్ పేరు ఒకసారి వస్తుంది. ఆ తర్వాత పదిహేనేళ్ళలో మళ్ళీమళ్ళీ కనిపించేవి చాలా కొద్ది పేర్లు. ఒకసారి దీర్ఘం దిద్దారు, ఒకసారి పటం పెట్టారు, ఒకసారి ఎవరో తమ నాయకుడి పేరు చొప్పిస్తే తీసేశారు, 2022లో జిల్లా మార్చారు. మధ్యలో ఆ ఊరి కుర్రాడెవరో వచ్చి గుడి గురించి రెండు వాక్యాలు రాసి మళ్ళీ రాలేదు. ఎన్ని ఊళ్ళ పేజీలు తిప్పినా అవే కొద్దిమంది పేర్లు. ధైర్యమూ అదే, భయమూ అదే.

ఎందుకంటే పెద్ద పని ముందుంది. 2021లో జరగాల్సిన జనగణన వాయిదాలు పడి, 2027 మార్చి 1ని గణన తేదీగా ప్రకటించారు. దాని ఫలితాలు వచ్చిన రోజున ఈ ఊళ్ళ పేజీల్లో జనాభా, ఇళ్ళు, బడులు, బోర్లు, చెరువుల కింద తడిసే హెక్టార్లు, అన్నీ పాతవైపోతాయి. ఆ పదహారేళ్ళలో అనంతపురం పల్లెల్లో ఎంతమంది బెంగుళూరు దారి పట్టారో, ఎన్ని చెరువులు కాగితం మీదే మిగిలాయో తెలుగులో ఊరూరికీ చెప్పగలిగేది మళ్ళీ ఈ జాబితానే. లేదా, 2011 అంకెలతో ఆగిపోయి, ఫ్రాన్సిస్ పుస్తకంలా పాత కాలపు జ్ఞాపకంగా మిగిలేదీ ఇదే. అప్పటికి ఆ కొద్దిమందికి తోడు ఇంకో యాభైమంది కావాలి. కొత్త పేజీలు రాయక్కర్లేదు. ఒక్కొక్కరు ఒక మండలం తీసుకుంటే చాలు, తమ మండలం అయితే మరీ మంచిది. ముందుగా ఊరి పేరులో దీర్ఘం ఉందో లేదో చూడాలి. తర్వాత జాబితాకెక్కని తండా పేరు రాయాలి.